కొంగున శనగలు కట్టుకున్న రాజకుమారుడు

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరున్న ఊళ్ళో దీన్ని చెప్పేవాళ్ళు లేరు. దగ్గరికి జరగండి. ఇందులో ఒక మాంత్రికుడున్నాడు కానీ భయపడకండి. ఒక చిలక ఉంది, దానికి ఏమీ కాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నిద్రపట్టలేదంటే నేను ఊరుకోను.

అనగనగా కమలగిరి అని ఒక రాజ్యం. దానికొక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధైర్యకేతు, రెండోవాడు శౌర్యకేతు, మూడోవాడు బాలకేతు. ధైర్యం, శౌర్యం పెద్దవాళ్ళిద్దరికీ పంచేశాక మూడోవాడికి ఏం మిగిలింది? ఆకలి మిగిలింది. ఎప్పుడు చూసినా నాయనమ్మ వెనకాలే తిరిగేవాడు.

ఏడు సముద్రాల అవతల ధూమకుండుడనే మాంత్రికుడుండేవాడు. పొరుగు రాజు కూతురు మందారవల్లిని ఎత్తుకుపోయి తన చీరల గదికి కాపలా పెట్టాడు. వాడికి అన్ని చీరలెందుకంటారా? అదే చెప్పబోతున్నాను.

వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలకను పెంచింది వాడి ముత్తవ్వ. ఆవిడ పోయినప్పటి నుంచీ చిలకకు బెంగ. చిలకకు బెంగపుడితే మాంత్రికుడికి కడుపునొప్పి. దాని బెంగ తీర్చడానికి ఏటా వసంతంలో వాడు ముత్తవ్వల కొలువు పెట్టేవాడు. ఏ రాజ్యం ఆడవాళ్ళైనా సరే, ముత్తవ్వల నాటి చీర కట్టుతో, ఆ నాటి నగలతో వచ్చి కోలాటం ఆడాలి. మగవాడు మాత్రం గడప దాటకూడదు. దాటితే చిలక కనిపెట్టి "మగాడు! మగాడు!" అని అరుస్తుంది. మాంత్రికుడు మంత్రదండం తిప్పుతాడు. ఆ మగాడు చిలక్కొయ్య అయిపోతాడు. చిలక్కొయ్య అంటే మీకు తెలియదు కదూ? బట్టలు తగిలించడానికి గోడకు కొట్టే కొయ్య, చిలక ముక్కులా వంకర తిరిగి ఉంటుంది.

రాకుమారిని విడిపించుకొస్తానని ముందు ధైర్యకేతు బయల్దేరాడు. తాబేలు వీపు మీద ఏడు సముద్రాలూ దాటాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉండిపోయాడు. మరుసటేడు శౌర్యకేతు బయల్దేరాడు. అతనూ అంతే.

మూడో ఏడు తాబేలు ఒంటరిగా ఒడ్డుకొచ్చి తల బయటపెట్టింది.

"పెద్దాయన కాసులపేర్లు, వంకీలు, వడ్డాణం అన్నీ పెట్టుకున్నాడు బాబూ. చీర మాత్రం ఇప్పటివాళ్ళలా కుచ్చిళ్ళు ముందుకు పోసి కట్టాడు. ముత్తవ్వలు గోచీ పోసి వెనక దోపేవారట. చిలక పట్టేసింది. రెండో ఆయన కట్టు బాగానే కట్టాడు. నాలుగడుగులకోసారి నడుం దగ్గర కత్తి తడుముకున్నాడు. ఇద్దరూ చిలక్కొయ్యలయ్యారు. వానాకాలం దగ్గర పడుతోంది, చెదలు పట్టాయంటే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు."

నాయనమ్మ చెంపలు తుడుచుకుని లేచింది. భోషాణం తీసి పద్దెనిమిది మూరల చీర బయటికి లాగింది.

"ఒరే బాలుడూ, ఇటురా. చేతులు పైకెత్తు."

"నేనా నానమ్మా?"

"కాక మీ నాన్నకు కట్టమంటావా? ఆ బొజ్జకు ఈ చీర చాలదు."

ఆనాటి నుంచీ బాలకేతుకు చీరే గతి. చీరతో నడిచాడు, పడ్డాడు. చీరతో నీళ్ళు తోడాడు, పడ్డాడు. చీరతో మెట్లెక్కాడు, ఈసారి రాజుగారి మీద పడ్డాడు. పడి లేచి, పడి లేచి, చివరికి చీర కట్టుకున్న సంగతే మరిచిపోయి మజ్జిగ చిలకసాగాడు. "ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అంది నాయనమ్మ.

ప్రయాణం నాడు అతనికి మీసం తీయించింది, కొప్పు చుట్టింది, దాని మీద నాగరం బిళ్ళ పెట్టింది. అంతా అయ్యాక చీరకొంగు చివర గుప్పెడు వేయించిన శనగలు, బెల్లం ముక్క పోసి గట్టిగా ముడేసింది.

"నానమ్మా, నేను మాంత్రికుడి మీదికి వెళుతున్నాను. సంతకు కాదు."

"మాంత్రికుడి మీదికి వెళితే ఆకలెయ్యదట్రా?"

తాబేలు అతన్ని చూసి నవ్వి నవ్వి చిప్పలోకి దూరిపోయింది. "రాజకుమారులను మోశాను కానీ అమ్మలక్కను మొయ్యడం ఇదే మొదలు. ఎక్కండి వదినగారూ!"

ఉప్పు సముద్రంలో బాలకేతు కొప్పు తడిసింది. నేతి సముద్రంలో అంచు జిడ్డయింది. పెరుగు సముద్రం దాటేటప్పుడు ఆకలేసి, కొంగు విప్పి శనగలు తాబేలుకు సగం పెట్టి తను సగం తినబోయాడు. నోటి దాకా వచ్చిన చెయ్యి ఆగింది. 'అన్నయ్యలు దొరికితే వాళ్ళకూ ఆకలేస్తుంది కదా' అనుకుని మళ్ళీ ముడేశాడు.

మాంత్రికుడి కోటలో వచ్చినవాళ్ళందరినీ ముందు చీరల గదిలోకి పంపుతున్నారు. మందారవల్లి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏ ఊరమ్మా మీది?"

"క... కమలగిరి" అన్నాడు బాలకేతు సన్నటి గొంతుతో.

"మీ ఊళ్ళో ఆడవాళ్ళకు మెడలో నిమ్మకాయ కూడా ఉంటుందా?"

బాలకేతు మెడ కప్పుకున్నాడు. ఆమె నవ్వాపుకుని తన పట్టెడ తీసి అతని గొంతు మీద బిగించింది. "గోడకున్న ఆ రెండు కొయ్యలూ మీ ఊరివే. పెద్దదానికి అడుగున చెద మొదలైంది. త్వరగా కానివ్వండి."

కొలువులో ఏడు తాళాల పంజరం వేలాడుతోంది. దాన్ని చిలక లోపలి నుంచి తీస్తే తప్ప మరెవరూ తీయలేరు. పక్కనే ధూమకుండుడు మీసం మెలేస్తూ కూచున్నాడు. కోలాటానికి ముందు ఆడవాళ్ళు ఒక్కొక్కరే పరీక్షకు చిలక ముందుకొస్తున్నారు. బాలకేతు వంతు వచ్చింది.

"కట్టు చూపించు" అంది చిలక. వెనక్కి తిరిగాడు. గోచీ సరిగ్గా ఉంది.

"నడక చూపించు." మజ్జిగ కుండ మోస్తున్నట్టే నడిచాడు. నడక సరిగ్గా ఉంది.

"కొంగు చూపించు" అని నిట్టూర్చింది చిలక. "నీ కొంగుకీ జరీయేగా? అందరి కొంగులకూ జరీ ఉంటుంది. ఏ కొంగుకూ..."

అక్కడ ఆగింది. ముడి కనిపించింది.

"అందులో ఏముంది?"

"శనగలు, బెల్లం ముక్క" అన్నాడు బాలకేతు. కంగారులో సొంత గొంతే వచ్చేసింది.

"మగాడు!" అని లేచాడు మాంత్రికుడు.

"నువ్వు కాసేపు నోర్ముయ్!" అంది చిలక. "మా అవ్వ కొంగులో నాకోసం ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. ఇన్నేళ్ళుగా ఇంతమందిని ముత్తవ్వల్లా ముస్తాబు చేయించావు. ఒక్క కొంగుకు ముడి ఉందా?"

టపటపా ఏడు తాళాలూ ఊడిపడ్డాయి. చిలక ఎగిరొచ్చి బాలకేతు భుజం మీద వాలి శనగలు కొరకసాగింది. మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు. బాలకేతు చప్పున చిలక మెడ కింద వేలితో గోకాడు. చిలకకు హాయిగా ఉంది. మాంత్రికుడికి మాత్రం చక్కిలిగింతలు! "హీ హీ హీ... ఒద్దు... నీకు పుణ్యముంటుంది!" అని కిందపడి దొర్లాడు. మంత్రదండం జారి మందారవల్లి కాళ్ళ దగ్గర పడింది. ఆమె దాన్ని పుటుక్కున విరిచేసింది.

చీరల గదిలో గోడమీంచి అన్నలిద్దరూ దభీమని పడ్డారు. బాలకేతు అక్కడికి పరుగెత్తాడు. ముక్కుల మీద ఇంకా చీరలు వేలాడుతున్నాయి.

"మన బాలుడి గొంతు వినిపించిందే, వాడేడీ?" అన్నాడు ధైర్యకేతు.

"ఎవరీ పెద్దమ్మ?" అన్నాడు శౌర్యకేతు.

బాలకేతు ఏడుస్తూ నవ్వుతూ వాళ్ళ నోళ్ళలో బెల్లం పెట్టాడు.

చిలకను చంపాడా అని అడుగుతారు. ఎందుకు చంపుతాడు? నాయనమ్మ దగ్గర పెట్టాడు. ఆవిడ కొంగు పట్టుకుని తిరుగుతూ దాని బెంగ తీరిపోయింది, మాంత్రికుడి కడుపునొప్పీ పోయింది. వాడు బుద్ధిగా రాణివాసం చీరలు మడతలు పెట్టుకుంటూ బతికాడు. ఎప్పుడైనా ఎదురుతిరిగితే నాయనమ్మ చిలకను గోకేది.

బాలకేతుకు, మందారవల్లికి పెళ్ళి జరిగింది. పురోహితుడు కొంగులు ముడివేయబోతుంటే నాయనమ్మ ఆగమంది. ఆ ముడిలో గుప్పెడు శనగలు, బెల్లం ముక్క పోసి అప్పుడు వేయమంది. ఆ ముడితోనే వాళ్ళు చాలా కాలం చల్లగా రాజ్యం ఏలారు. వాళ్ళ రాజ్యంలో పిల్లలెవరూ ఆకలితో పడుకోలేదు.

పిల్లలూ, మీరు పెద్దయ్యాక ఏ దేశంలో ఉన్నా, ఏ బట్టలు కట్టినా, ఈ కథ మీ పిల్లలకు చెప్పండి. చెప్పేముందు కొంగునో జేబులోనో నాలుగు శనగలు పెట్టుకోండి. కథ మధ్యలో ఎవరో ఒకరికి ఆకలేస్తుంది.