పులి ఊఁ కొట్టిన కథ

నేను అనగనగా అంటాను, మీరు ఊఁ అనాలి. ఊఁ కొట్టకపోతే కథ అక్కడే ఆపేస్తాను. నాకంత పట్టుదల ఎందుకో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

అనగనగా మణిగిరి అనే పట్టణం. ఊఁ అన్నారా? సరే. దాన్ని ఏలే రాజు వీరభానుడు. ఆ పట్టణంలో ఒక పాఠశాల ఉండేది. దాని వెనక పెద్ద గది, గది నిండా తాటాకు పుస్తకాలు. వాటిని తాకేవాళ్ళు లేరు, దుమ్ము మాత్రం రోజూ తప్పకుండా వచ్చి కూర్చునేది.

పాఠశాలకు గురువు సోమయాజిగారు. పిల్లలు పాఠం బట్టీ పట్టాలి, మర్నాడు అప్పజెప్పాలి. అప్పజెప్పాక మరిచిపోయినా అడిగేవారు లేరు. మధ్యలో ఎవరైనా ఊఁ అన్నారో, ఆయన కళ్ళు ఎర్రబడేవి.

"ఊఁ ఏమిట్రా ఊఁ? ఇదేమైనా మీ అవ్వ చెప్పే కథా?" అనేవారు.

ఒకనాడు రాజు వచ్చి గది చూశాడు. "ఎవరూ చదవని పుస్తకాలకు ఇంత చోటెందుకు? వీటిని ఏట్లో కలిపేయండి. ఇక్కడ నా ఏనుగులను కట్టిస్తాను" అన్నాడు.

సోమయాజిగారి మనవరాలు వకుళ అక్కడే ఉంది. ఆ గదంటే దానికి ప్రాణం. "మహారాజా, ఒక్క కథ వినండి, తర్వాత మీ ఇష్టం" అని చేతికందిన పుస్తకం తీసి, తొందరలో చివరి ఆకుల దగ్గర తెరిచింది.

"ఏటి ఒడ్డున ఒక జింకపిల్ల నీళ్ళు తాగుతోంది" అని చదివింది. అవ్వ కథలకు ఊఁ కొట్టే అలవాటు కొద్దీ తనకు తానే "ఊఁ" అనుకుంది.

అంతే! నేలలోంచి చెట్లు లేచాయి. పైకప్పు మాయమై ఆకాశం కనబడింది. ఏటి నీళ్ళు వచ్చి రాజుగారి పాదాలు తడిపాయి. ఒడ్డున జింకపిల్ల తలెత్తింది.

"ఎన్నాళ్ళకు ఊఁ కొట్టావు తల్లీ! మీరు ఊఁ అంటేనే మాకు ఊపిరి. కానీ నా వెనక చూడు" అంది.

వెనక పొదలో పెద్దపులి. వకుళ గబగబా ఆకు తిప్పబోయింది. తర్వాతి ఆకు లేదు, చెదలు తినేశాయి.

"తర్వాత ఏమైందో మీరే రాయాలి. రాయకపోతే నేను దానికి ఆహారమైపోతాను" అంది జింకపిల్ల.

సోమయాజిగారు ఒక ఖాళీ ఆకూ, దానిమీద గీసే గంటమూ అందుకున్నారు. జింక కళ్ళను కలువలతో పోలుస్తూ పద్యం వెనక పద్యం రాశారు. పద్యాలతో పులికేం పని? ఒక అడుగు ముందుకు వేసింది.

పాఠశాలలో అప్పజెప్పడంలో మొదటివాడు శ్రీముఖుడూ అక్కడే ఉన్నాడు. వాడు తనకు కంఠతా వచ్చిన వేటగాడి కథను అక్షరం పొల్లుపోకుండా ఆకు మీదికి దించి, దీపం మసి రుద్దాడు. వేటగాడు రానే వచ్చాడు. కానీ ఆ కథలో అతను వేటాడేది జింకల్ని! బాణం జింకపిల్లకే గురిపెట్టాడు. సోమయాజిగారు ఆ ఆకును చీల్చేసి వేటగాణ్ణి మాయం చేశారు కాబట్టి సరిపోయింది. పులి ఇంకో అడుగు వేసింది.

వకుళ గంటం ముట్టుకోలేదు. పుస్తకం మొదటికి తిప్పి, ఊఁ కొడుతూ చదవసాగింది.

"ఇప్పుడా చదవడం!" అని తాత కేక వేశారు.

"పులి ఎవరో తెలియకుండా అదేం చేస్తుందో ఎలా రాయను తాతయ్యా?"

కొన్ని ఆకులు తిప్పేసరికి దొరికింది. పులి కూనగా ఉన్నప్పుడు తల్లి దానికి ఒక కథ చెబుతోందట. కథ సగంలో ఉండగా వరద వచ్చి తల్లిని తీసుకుపోయిందట. వకుళకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు రాసింది.

తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం మసి రుద్దితేగాని కనబడదు. ఇంతలో పులి దూకనే దూకింది. వకుళ దీపం మసి వేలితో తీసి ఆకుకు పులిమింది. అక్షరాలు నల్లగా తేలాయి.

"జింకపిల్ల వెనక్కి తిరిగి, పులిమామా, మీ అమ్మ చెప్పిన కథ ఎక్కడ ఆగిపోయింది అని అడిగింది."

పులి జింకపిల్ల ముందు వాలింది, పంజా విసరలేదు. "ఎగరడం రాని కొంగపిల్ల కొండ అంచున నిలబడింది. అక్కడ ఆగిపోయింది" అంది. అంత పెద్ద పులీ పసికూనలా కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

వకుళ రాస్తోంది, జింకపిల్ల చెబుతోంది. "కొంగపిల్ల కిందికి చూడలేదు మామా. రెక్కలు విప్పింది."

"ఊఁ" అంది పులి.

ఆ ఊఁకు గది గోడలు అదిరాయి. అరల్లోని పుస్తకాలన్నీ కట్లు విప్పుకున్నాయి. ఎక్కడెక్కడి సముద్రాలో హోరెత్తాయి, ఎవరెవరి గుర్రాలో సకిలించాయి. ఇన్నాళ్ళూ ఈ లోకాలన్నీ దుమ్ము కింద ఊపిరి బిగబట్టి ఉన్నాయా అని అందరికీ ఒళ్ళు గగుర్పొడిచింది.

రాజు ఆ తడినేల మీదే చతికిలబడ్డాడు. "ఊఁ, తర్వాత?" అన్నాడు.

ఆ తర్వాత ఏనుగుల మాట ఎవరూ ఎత్తలేదు. పాఠశాలలో ప్రతి బిడ్డకూ ఒక గంటం, ఒక ఖాళీ ఆకు ఇచ్చారు. పిల్లలు తాము రాసింది చదువుతుంటే అందరికంటే ముందు ఊఁ కొట్టేది సోమయాజిగారే.

కొంగపిల్ల ఎగిరింది, పులి నిద్రపోయింది, జింకపిల్ల ఏరు దాటింది. ఇక గంటం మీ చేతికి.

మనసారా ఊఁ కొడుతూ చదివినవారికే, తర్వాత ఏమైందో రాసే శక్తి వస్తుంది.