గాజులో గుంట

సీతాపతిగారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఆయన శిష్యురాలు హైమవతి అడిగింది. సోమవారంలోగా ఆమె థీసిస్ ఇచ్చేయాలి. కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఆ పట్టా కోసమే ఆగి ఉంది.

"సార్, ఇంత చలిలో గాజులో ఏ కదలికా ఉండదని చివరి అధ్యాయం ముగించాను. అలాగే ఉంచెయ్యనా?"

ఆమె గాజు కిటికీలకు బిగించేది కాదు. రంగు కలిపిన ఆల్కహాలును ఉన్నపళంగా చల్లబరిస్తే, అణువులు వరస కుదుర్చుకునే లోపే ఎక్కడివక్కడ బిగుసుకుపోయి తయారయ్యేది. సున్నాకు రెండువందల డెబ్బై డిగ్రీల దిగువన దాన్ని లేజరుతో కొడితే, అది పీల్చుకునే కాంతి వర్ణపటంలో సన్నని గుంట పడుతుంది. ఆ గుంట వెడల్పయిందంటే లోపల అణువులు కదిలాయని లెక్క. అంత చలినిచ్చే ద్రవ హీలియం ఆవిరైపోతుందన్న కంగారులో, గుంట పడ్డ పది నిమిషాలకే కొలిచేసి, గురుశిష్యులిద్దరూ నోటుబుక్కులో సంతకాలు పెట్టి మూసేయడం ఆ ప్రయోగశాలలో ఆనవాయితీ. నాలుగేళ్లుగా అదే తంతు.

"హీలియం మళ్లీ నింపుతూ, ఇవాళ్టి గుంటను రేపు కూడా ఒకసారి కొలిచి చూడమ్మా," అన్నారాయన.

మర్నాటికి గుంట ఒకటిన్నర రెట్లయింది. హైమవతి తప్పంతా లేజరుదేనని, అది నిలకడగా ఉండటం లేదని గట్టిగా వాదించింది. సీతాపతిగారు అదే రంగు కలిపిన స్ఫటికాన్ని గాజు పక్కనే దించి, రెంటిలోనూ గుంటలు పెట్టమన్నారు. స్ఫటికంలో అణువులు బుద్ధిగా వరసలు కట్టి ఉంటాయి.

మూడోరోజు స్ఫటికంలోని గుంట చెక్కుచెదరలేదు. గాజులోది మళ్లీ వెడల్పయింది. లేజరు ఒకటే, చలీ ఒకటే. ఎవరూ తాకలేదు, ఒక్క డిగ్రీ వేడి పెరగలేదు. అచ్చుకు సిద్ధమైన అధ్యాయం, చేతికి అందబోతున్న ఉద్యోగం కళ్లముందే జారిపోతున్నాయి. అయినా హైమవతిని ఎక్కువగా భయపెట్టింది అది కాదు.

"ఇది మొదట్నించీ ఇలాగే జరుగుతోందా సార్? నాలుగేళ్లూ నా ఎదురుగానే ఉంటే, నాకెందుకు కనబడలేదు?"

ఆయన నోటుబుక్కు తెరిచి, వరసగా ఉన్న సంతకాల మీద వేలు పెట్టారు.

"పది నిమిషాలేగా చూశామమ్మా, మనిద్దరం."