చిలక్కొయ్యకు తగిలించిన తంబురా

సుంకులమ్మ తొమ్మిది రోజులుగా గోడ ముందు కూర్చుని పాడుతోంది. గోడకున్న తంబురా మాత్రం ఉలకదు, పలకదు.

అట్లా పాడమన్నది ఆమె గురువు హుసేనప్ప. ఆయన పరుపులు కుట్టేవాడు. దూది ఏకి ఏకి ఆయన కనురెప్పల మీద కూడా తెల్లటి నూగు నిలిచిపోయి ఉండేది. సోమవారం వస్తే మాత్రం సూది ముట్టడు. పొద్దున్నే తన వసారాలో కూర్చుని తంబురా మీటుతూ తత్వాలు పాడతాడు. వినేవాళ్లు వింటారు, పాడేవాళ్లు గొంతు కలుపుతారు.

సుంకులమ్మ ఆరేళ్లుగా అక్కడికి పోతోంది. అందరికంటే వెనక, వసారా చివరి కొయ్య స్తంభం చాటున కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాడేది. ఆ స్తంభమే లేకపోతే ఆ తల్లి వసారా ఎక్కేదే కాదు.

ఒకనాడు హుసేనప్ప ఆమెను పిలిచాడు.

"ఈ తూరి గురుపూజలో మొదటి తత్వం నువ్వు పాడల్ల మా."

 గురుపూజంటే మాటలా! చుట్టుపక్కల పది ఊళ్లవాళ్లు ఈ వసారాకే వస్తారు.

"నేనా సామీ? నాకు అంత యోగ్యత యాడిది? తగినదాన్నని నాకెట్ల తెలుస్తాది?"

ఆయన తన తంబురా తీశాడు. ఆమె గొంతుకు సరిపోయేట్టు నాలుగు తీగలూ శ్రుతి చేసి ఆమె చేతుల్లో పెట్టాడు.

"ఇంట్లో గోడకు తగిలించుకో. దినామూ పొద్దున్నే దానెదురుగా కూచ్చోని పాడు. మీటొద్దు, పాడు చాలు. అది బదులు పలికిన్నాడు నీకే తెలుస్తాది."

"ఎవరూ ముట్టుకోకుండా పలుకుతాదా సామీ?"

"పలుకుతాది" అని సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

సుంకులమ్మ మొగుడు మద్దిలేటి వడ్రంగి. గురువుగారి తంబురా ఇంటికొస్తే, దాన్ని తుప్పు మేకుకు తగిలిస్తాడా? పట్నం ఇళ్లలో గిటార్లూ వయొలిన్లూ గోడలకు ఎట్లా తగిలిస్తారో ఫోన్లో చూశాడు. చూసి, "ఇంతేనా! ఇనప కొక్కానికి రబ్బరు తొడిగినారు" అని పెదవి విరిచాడు. టేకు చెక్క తీసుకుని రెండు చిలకలు చెక్కాడు. ఎదురెదురుగా వంగిన ఆ రెండు మెడల నడుమ తంబురా మెడ ఇమిడిపోతుంది. గీత పడకుండా లోపల పచ్చ మఖమల్ అంటించాడు. నాపరాతి గోడకు మిషనుతో బెజ్జాలు పెట్టి బిగించాడు.

అంతటితో ఊరుకున్నాడా? ఫ్యాను గాలికి తంబురా ఊగి, కిందున్న సొరబుర్ర గోడకు కొట్టుకుంటుందని భయం పుట్టింది. తీగల మీదుగా, నడుముకు బిగించినట్టు ఒక మఖమల్ పట్టీ కట్టాడు. బుర్ర వెనక మెత్త కుక్కాడు.

మిగిలింది సుంకులమ్మ చేసింది. దుమ్ము పడుతుందని పట్టు శాలువా కప్పింది. దినామూ తలస్నానం చేసి, తీగలకు కనకాంబరాల దండ చుట్టి, కొంగు నోటికి పెట్టుకుని పాడటం మొదలుపెట్టేది. పైస్థాయిలో పాడింది, కిందిస్థాయిలో పాడింది. ఒక పొద్దున ఏడుస్తూ కూడా పాడింది. ఊహూఁ.

చిలక్కొయ్య అందం చూడ్డానికి వీధంతా వచ్చింది. పక్కింటి లచ్చుమక్క బుగ్గన వేలేసుకుంది.

"ఏం సుంకులూ, మీ తంబురా కొత్తకోడలి మాదిరి ఉండాదే! ముసుగేసుకొని, పూలు పెట్టుకొని, గోడకానుకొని నిలబడింది. నోరు తెరవదా ఏమి?"

"పోక్కా, నువ్వొకదానివి!"

"నేనేమంటినే? మా కోడలూ మొదట్లో ఇట్లే ఉండె. ఇప్పుడు మూయించేకి నా చేత కావడంల్యా."

లచ్చుమక్క నవ్వుకుంటూ పోయింది. సుంకులమ్మకు మాత్రం నవ్వు రాలేదు. మర్నాడే గురుపూజ. ఆ పొద్దున మొగుడితో అనేసింది.

"తంబురా సామికి ఇచ్చొస్తా. అది పలకలేదంటే నాకు పాట రాసి పెట్టలేదని. ఇంక నేను ఆ వసారా తొక్కను."

ఆ మాట నోట్లో ఉండగానే బయట సైకిలు గంట మోగింది. హుసేనప్ప! భుజాన తువ్వాలు, కనురెప్పల మీద దూది.

సుంకులమ్మ నీళ్లిచ్చి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆయన నీళ్లు తాగుతూ విన్నాడు. చెంబు కింద పెట్టి గోడ దగ్గరికి పోయాడు.

"అబ్బా! మద్దిలేటీ, ఈ చిలకలకు గింజలేస్తాండవా లేదా? ఎగిరిపోతాయప్పా!"

మద్దిలేటి ఉబ్బిపోయాడు. "టేకు, సామీ. మీ మనవల కాలానికీ కదలదు."

హుసేనప్ప కనకాంబరాల దండ విప్పి సుంకులమ్మకిచ్చాడు. "జడలో పెట్టుకో మా, వాడిపోతాది."

శాలువా తీసి, మడిచి, మద్దిలేటి భుజాన వేశాడు. "పెద్ద పనోనివి. నీకు కప్పినోళ్లు లేరు."

పట్టీ విప్పాడు. బుర్ర వెనక మెత్త లాగి, గోడవార చాప మీద కూర్చుని తన నడుముకు పెట్టుకున్నాడు. "సైకిలు తొక్కి నడుము లాగుతాంది. ఇది నాకు పనికొస్తాది."

తంబురా చిలకల మెడల మధ్య ఒంటరిగా వేలాడింది. మెల్లగా ఊగింది.

"సామీ, ఊగుతాంది!" మద్దిలేటి చేతులు చాచాడు.

"ఊగనీ."

"పడితే?"

"నువ్వు చేసిన చిలకలే కదప్పా. వదలవులే."

తర్వాత సుంకులమ్మ వైపు తిరిగి, "పాడు మా" అన్నాడు.

ఆమె కొంగు నోటికి పెట్టుకుని ఒక వరుస పాడింది. తంబురా పలకలేదు. హుసేనప్ప గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు, నిద్రపోయేవాడిలా.

సుంకులమ్మ తలెత్తి చూసింది. తొమ్మిది రోజుల్లో ఆ తంబురాను అట్లా చూడటం ఆమెకు అదే మొదలు. పూలు లేవు, శాలువా లేదు. కిటికీ ఎండ పడి నాలుగు తీగలూ మెరుస్తున్నాయి. ఆమె చాలాసేపు చూసింది.

ఆమె చేయి దానంతటదే కిందికి దిగింది. కొంగు తీసి నడుముకు దోపుకుంది. మళ్లీ మొదటినుంచీ ఎత్తుకుంది.

*ఎవరింట దీపమో ఎరుక లేదు గాని*
*వెలుగు మాయింటికీ వచ్చెనమ్మా...*

చివరి మాట మీద నిలబడి, ఊపిరి అయిపోయి ఆపింది.

ఆమె ఆపింది గాని పాట ఆగలేదు. గోడ మీదినుంచి, బిందెలో తుమ్మెద చిక్కుకున్నట్టు, సన్నగా ఒక ఝుంకారం.

మద్దిలేటి గబుక్కున తలెత్తి ఫ్యాను చూశాడు. ఫ్యాను తిరగడం లేదు. కరెంటు పోయి గంటయింది.

అతను నోరు తెరిచి ఫ్యాను వంకా తంబురా వంకా మార్చి మార్చి చూస్తుంటే సుంకులమ్మకు నవ్వొచ్చింది. పెళ్లయిన కొత్తల్లో మానేసిన నవ్వు. గొంతు విప్పి, పళ్లు కనపడేట్టు నవ్వింది. తంబురా ఆ నవ్వుకూ ఝుమ్మంది.

"సామీ! నవ్వినా పలుకుతాందే!"

"మా ఇంట్లో నేను దగ్గినా పలుకుతాది మా."

సుంకులమ్మ ఆయన వైపు తిరిగింది. "అయితే సామీ, తగినదాన్నని నాకెట్ల..." అని మొదలుపెట్టి, ఆపేసింది. మళ్లీ నవ్వింది.

హుసేనప్ప లేచి తువ్వాలు దులుపుకున్నాడు. గడప దాటబోతూ ఆగాడు.

"మద్దిలేటీ, రేపు తంబురాతోపాటు ఆ చిలక్కొయ్యను గూడా ఊడదీసుకొని రా."

"ఏమిటికి సామీ? తంబురా ఈమె ఒళ్లో ఉంటాది కదా!"

"వసారాలో చివరి స్తంభం రేపట్నుంచీ ఖాళీ కదప్పా. దానికి బిగియ్యి. నా తువ్వాలు తగిలించుకుంటా."