దారిచ్చిన పోలేరమ్మ

నేడు పాలేటి కాలనీ మూడో వీధి వెనుకకు వచ్చే భక్తులు మొదట తికమకపడతారు. అక్కడ గోపురం లేదు, గోడ లేదు, కప్పు లేదు. రెండు వరసల ఇళ్ళ నడుమ ఆరడుగుల ఖాళీ నేల, దాని వెంట మురుగుకాలువ, మంచినీటి గొట్టం, ఒక నల్లరాతి పీట ఉన్నాయి. "గుడి ఎక్కడండీ?" అని అడిగితే, "మీరు నిలబడ్డది గుడిలోనే" అంటారు కాలనీవారు. ఆ మాటకు కారణం ఈ కథ.

పూర్వం ఇక్కడ జీడిమామిడి తోట ఉండేది. తోటను ప్లాట్లుగా కోసినప్పుడు కాలువకూ గొట్టానికీ ఈ పట్టీని విడిచారు. దీనిపై పక్కా కట్టడం కూడదని, ఏది పెట్టినా కాలువ బాగుచేసే రోజున చేతులతో ఎత్తి పక్కన పెట్టేలా ఉండాలని పురపాలక సంఘం నిబంధన. నేల ఎవరిదంటే మాత్రం ఎవరికీ తేలలేదు. దస్తావేజులో ఇంటివారిది, వాడుకలో నీటిది. నీటికి ఓటు లేదు, పట్టా లేదు, జెండా పట్టుకుని రోడ్డెక్కే నోరు లేదు. కనుక నీరే ఓడింది. ఒకరు మెట్లు దించారు, ఒకరు షెడ్డు వేశారు, కాంట్రాక్టరు కోటిలింగం స్నానాలగది కట్టాడు. అందరి మేలును అంగుళం అంగుళంగా మింగడం పెద్దమనుషుల దోపిడీ. దానికి కత్తి అక్కరలేదు, తాపీ చాలు.

ఇన్‌స్పెక్టరు ఖాదర్ బాషా పురపాలక సంఘం తరఫున, ఇవి తీసేయమని నోటీసులు అంటించగానే కోటిలింగం తన స్నానాలగది ముందు కాలువలోకి అరుగు పోయించి, పోలేరమ్మ శిలను సిమెంటుతో నిలిపాడు. "ఇప్పుడు గడ్డపార వేయమనండి, చూద్దాం" అన్నాడు.

తొలివానకే అరుగు నీటికి అడ్డుపడింది. దానికి ఎగువన, పల్లపు చోట ఇస్త్రీ చేసుకు బతికే చాకలి చెంచమ్మ ఒంటిగది ఇల్లు మోకాటిలోతు మునిగింది. మట్టిగోడ నానింది. ఇంకొక్క వాన పడితే నిలిచేది కాదు.

ఆనాడే చెంచమ్మకు కల వచ్చింది. "కాళ్ళు తడుస్తున్నాయే, నన్నెత్తుకో" అన్నది అమ్మ. తెల్లవారి ఆమె ఆ మాట చెప్పగా, కోటిలింగం తనకూ కల వచ్చిందన్నాడు. అందులో అమ్మ "కదిలించావో, చూసుకో" అన్నదట. ఏ కల నిజమో తెలియక కాలనీ రెండుగా చీలింది. ఖాదర్ బాషాను అడిగితే, "నాకు కలలోనూ నిబంధనలే వస్తాయి, అమ్మవారు రారు" అన్నాడు. చివరికి అమ్మ రెండు భుజాలపై పూలు పెట్టి చూశారు. కుడి పువ్వు రాలితే కదిలించాలి, ఎడమది రాలితే మానాలి. రెండూ ఒకేసారి రాలాయి.

జనం తెల్లబోయి నిలబడగా చెంచమ్మ ముందుకు వచ్చింది.

"అమ్మను సిమెంటులో పాతిందెవరయ్యా? మా ఊళ్ళో పోలేరమ్మ ఏడాదికోసారి నడుస్తది. ఎత్తుకునేది మా ఇంటి ఆడోళ్ళే. నన్నొక మాట అడిగారా?"

"అడిగితే నువ్వు ఒప్పుకుంటావా?" అన్నాడు కోటిలింగం.

"అందుకే అడగలేదన్నమాట!"

అందరూ నవ్వారు. తరతరాలుగా అమ్మను మోసిన హక్కు ఎవరిదో కాలనీ పెద్దలెవరికీ గుర్తులేదు. శ్రమచేసే చేతిని మరచి చేసిన ప్రతిష్ఠ ప్రతిష్ఠ కాదు. చెంచమ్మ కొంగు నడుముకు దోపి, శిలకు రెండు చేతులూ వేసింది. గడ్డపార లేకుండానే శిల ఊడి ఆమె చేతుల్లోకి వచ్చింది. జనం చేతులు జోడించారు.

కోటిలింగం ముఖం పాలిపోయింది. "మహిమేం కాదు చెంచమ్మా. ఇసుక ఎక్కువ కలిపించాను" అన్నాడు.

"కలిపించిన బుద్ధి ఎవరిచ్చారయ్యా నీకు?"

నేటికీ మహిమ అనేవారూ, నాసిరకం పని అనేవారూ ఇద్దరూ ఇక్కడ దండం పెడతారు. కోటిలింగం మాత్రం ఆ పూటే గడ్డపార తెచ్చి అరుగునూ స్నానాలగదినీ తానే పడగొట్టాడు. చీకటి పడకముందే వాన దిగింది. నీరు చెంచమ్మ గడప దాకా వచ్చి, కాలువ వెంట వెళ్ళిపోయింది. గోడ నిలిచింది.

నాటినుండి అమ్మవారు సిమెంటు లేకుండా నల్లరాతి పీటపైనే ఉంటారు, ఈ పట్టీ అంతా ఆమె గుడే. ప్రతి మృగశిర కార్తెలో చెంచమ్మ ఇంటి ఆడపడుచులు అమ్మవారిని ఎత్తి పట్టీ పొడుగునా నడిపిస్తారు. ఎవరి కట్టడం దారికి అడ్డు తగిలితే ఆ ఇంటి వసారాలోనే అమ్మవారిని దించుతారు. కట్టడం తీసేదాకా మూడు పూటలా నైవేద్యం ఆ ఇంటివారిదే. ఈ సేవలో పాల్గొన్నవారి ఇంట నేల పొడిగా ఉంటుందని నమ్మకం.

ఈ ఏడు అమ్మవారు ఈ పుస్తకం అచ్చు వేయించిన ఆలయ కమిటీ అధ్యక్షుల వసారాలో ఉన్నారు. వారు పట్టీలోకి దించిన ఇనప మెట్లు తీసేదాకా దర్శనం అక్కడే. భక్తులు సంకోచించక లోనికి వెళ్ళగలరు.