కిక్కిసలంక తువ్వాలు మాత

ఏలూరు వైపు నుంచి కొల్లేటికి వచ్చేవారికి గట్టు రోడ్డు ముగిసే చోట, మెరక మీద తెల్ల సున్నం వేసిన గుడి ఒకటి కనబడుతుంది. అదే కిక్కిసలంక తువ్వాలు మాత గుడి. మూడు దిక్కులా నీరు, ఆ నీటి నిండా మనిషెత్తు కిక్కిస గడ్డి. మిగతా క్షేత్రాలకు భక్తులు కొవ్వొత్తులు, కొబ్బరికాయలు తెస్తారు. ఇక్కడికి మాత్రం కొత్త తువ్వాలు చంకన పెట్టుకుని వస్తారు. తెలియనివారు ఆ తువ్వాళ్లు చూసి స్నానాల రేవు ఎక్కడని అడగడమూ, లంకవారు నవ్వుకోవడమూ ఏటా జరిగేదే.

గుడిలోని మరియమాత స్వరూపం నిలువెత్తు చెక్కది. నీలం వస్త్రం, చేతుల్లో బాలయేసు. ఎడమ చెంప మీద రంగు పూర్తిగా అరిగిపోయి లోపలి చెక్క కనిపిస్తుంది. ఆ మధ్య ఈ గుడి విచారణ చూసే గురువులు కొత్త రంగు వేయించబోతే ముందుగా అడ్డుపడినవారు కతోలికులు కారు, మెరక వీధిలోని ప్రొటెస్టంట్లు. స్వరూపానికి దండమైనా పెట్టని వారికి ఆ చెంపతో ఏమి పని? ఆ సంగతి చెప్పడానికే ఈ చిన్న పుస్తకం.

పూర్వం ఇక్కడ ఉన్నవి రెండే వీధులు. పల్లపు వీధి కతోలికులది, మెరక మీది వీధి ప్రొటెస్టంట్లది. ఇరువురూ ఒకే చుట్టరికం వారు. బావ గురువుల బడిలో అక్షరాలు దిద్ది కతోలికుడైతే, బావమరిది పాస్టరు గారి మందుతో జ్వరం తగ్గి ప్రొటెస్టంటయ్యాడు. రెండు సంఘాల మధ్య పాత తగువులు లేకపోలేదు. దూరదేశాల్లో రాజులే వాటి కోసం కత్తులు దూశారట. ఆ వాదాలు గురువుల వెంటా పాస్టర్ల వెంటా ఓడ ఎక్కి ఇక్కడికీ వచ్చాయి. ఒకరికి మరియమాత తల్లి, ఆమె స్వరూపం ముందు మోకరించనిదే పొద్దుగడవదు. మరొకరికి అది దేవుని ఆజ్ఞ మీరడం. అవి పెద్ద మాటలు. వలలు లాగే రెండు వీధుల వారూ వాటిని ఆదివారం ప్రసంగానికి వదిలేసి, మిగతా రోజులు కలిసే తినేవారు. ఆ తగువు గడప దాటి ఇంట్లోకి రావడానికి బాతు కూర కావలసి వచ్చింది.

మెరక వీధిలో ఏసోబు అనే సంఘపెద్ద ఉండేవాడు. అతనికి కొడుకులున్నా, కూతురు మాత్రం రాహేలు ఒక్కతే. పల్లపు వీధిలో జపాలు నేర్పే ఉపదేశి రాయప్ప కొడుకు ఇన్నయ్యకు ఆమెను ఇచ్చి, ఇరువైపుల వారూ ఒప్పుకునే పెళ్లి చేశారు. పెళ్లి అయ్యాక మనుగుడుపులకు వియ్యాలవారిని ఏసోబు తన ఇంటికి పిలిచాడు. రోజూ తినే కొల్లేటి చేపలే వండి ఉంటే ఈ కథే ఉండేది కాదు. గొప్పకు పోయి బాతులు కోయించాడు. ఆ రోజు శుక్రవారం. ఆ కాలంలో కతోలికులు ఏ శుక్రవారమూ మాంసం ముట్టేవారు కాదు, చేపకు అభ్యంతరం లేదు. ఏసోబు ఇంట శుక్రవారం గుర్తుంచుకోవలసిన అవసరం అంతకు ముందెన్నడూ రాలేదు.

విస్తట్లో ముక్క చూసి రాయప్ప చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

“బావగారూ, ఇయ్యాల శుక్రవారం. మేం మాంసం ముట్టం.”

నొచ్చుకున్న ఏసోబు, “పిల్లనిచ్చిన ఇంట్లో అన్నం తినొద్దని ఏ వేదంలో ఉంది బావగారూ?” అన్నాడు.

“మీ వేదంలో లేకపోతే మా తప్పా?”

“చెక్కబొమ్మకి మొక్కేవాళ్లా నాకు వేదం చెప్పేది!”

ఆ మాటతో వియ్యాలవారంతా విస్తళ్ల ముందు నుంచి లేచిపోయారు. భర్త లేచాడు గనుక రాహేలూ లేచింది. తండ్రి పరువు విస్తట్లోనే ఉండిపోయింది. “నువ్వు ఆ గడప దాటావంటే నీ గుమ్మం నేను తొక్కను, ఒట్టు!” అని ఏసోబు అరిచాడు. ఆమె ఏడుస్తూనే దాటింది. ఆ నాటి నుంచి రేవులు వేరయ్యాయి, సమాధుల దొడ్డి మధ్య కంచె పడింది. రాహేలుకు ఆడపిల్ల పుట్టినా ఏసోబు చూడబోలేదు.

ఆ పిల్ల ఇంకా బోర్లా పడుతున్న రోజుల్లో బుడమేరు, తమ్మిలేరు ఒక్కసారే పొంగాయి. తెల్లవారేసరికి పల్లపు వీధి నీళ్లలో ఉంది. కతోలికులు ఈదుతూ మెరక మీదికి వచ్చి ప్రొటెస్టంటు గుడిలో తలదాచుకున్నారు. ఇన్నయ్య చేపలు అమ్మడానికి ఆకివీడు వెళ్లి ఉన్నాడు. వచ్చినవారిలో రాహేలు లేదు, బిడ్డా లేదు. రాయప్ప కోడలిని పిలుస్తూ నడుములోతు నీళ్లలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఏసోబు గుమ్మంలో స్తంభం పట్టుకుని కదలక నిలబడ్డాడు. అతని భార్య సూసన్నమ్మ తెడ్డు తెచ్చి అతని చేతిలో కుక్కింది.

“నీ ఒట్టు తీసి గట్టున పెట్టు. పిల్ల నీళ్లల్లో ఉందయ్యా!”

ఏసోబు తాటిదోనె ఎక్కి వానలో బయలుదేరాడు. ఇద్దరికి మించి మోయలేని దోనె అది. ఇళ్ల కప్పులు, బాతుల గంపలు, కొట్టుకొచ్చిన చెట్లు అతనికి అడ్డుపడుతూ వచ్చాయి. దూరాన కిక్కిస గడ్డిలో నీలం కోక, చేతుల్లో బిడ్డ కనిపించాయి. “రాహేలూ!” అని కేకలు పెడుతూ ప్రవాహానికి ఎదురు తెడ్డు వేశాడు. చేరుకుని భుజం పట్టి తిప్పితే, అది గుడి కూలి కొట్టుకొచ్చిన మరియమాత స్వరూపం.

“నువ్వా? నా పిల్లేది? నువ్వూ బిడ్డతల్లివే గదా, చెప్పు, నా పిల్లేది?” అని అతడు దాన్ని పట్టుకుని ఊపుతూ ఏడ్చాడు.

జన్మలో ఆ స్వరూపం వైపు తల తిప్పని మనిషి ఆ రోజు దాన్ని ప్రశ్న అడిగాడు. దానిని మేము ప్రార్థన అంటాము. మెరక వీధివారు మాత్రం అది దుఃఖమే అంటారు. ఏదైనా సరే, ఆ ఏడుపు విని గడ్డి అవతల నుంచి “నానా!” అని పిలుపు వచ్చింది. గడ్డికి తట్టుకుని నిలిచిన గుడికప్పు మీద, బిడ్డను కొంగుతో రొమ్ముకు కట్టుకుని రాహేలు కూర్చుని ఉంది. స్వరూపం కనబడకపోతే ఏసోబు ఆ వైపుకు వచ్చేవాడే కాదు.

కూతురినీ మనవరాలినీ దోనెలోకి ఎక్కించాక తనకు చోటు లేదు. తెడ్డు కూతురికిచ్చి, దోనె తాడు మణికట్టుకు చుట్టుకుని, స్వరూపాన్ని కావలించుకుని నీళ్లలోకి దిగాడు. చెక్క గనుక తేలింది. చెక్క అని వెక్కిరించినవాడు ఆ చెక్కను పట్టుకునే గట్టు చేరాడు. దేవునికి వందనాలు.

గట్టున రెండు వీధుల వారూ చూస్తుండగా సూసన్నమ్మ పొడి తువ్వాలు తెచ్చింది. ఏసోబు బిడ్డ తల తుడిచాడు. కూతురి తల తుడుస్తూ, “శుక్రవారం నాకు తెలవలేదమ్మా” అన్నాడు. ఆ తరువాత, పక్కనే నిలబెట్టిన స్వరూపం చెంప కూడా తుడిచాడు. రాయప్ప కళ్లు ఒత్తుకుంటూ, “బావగారూ, మా తల్లికి దండం పెట్టినట్టేనా?” అని అడిగాడు.

“దండం పెట్టలేదు బావగారూ. తడిసింది, తుడిచాను.”

వరద తీసేదాకా ప్రొటెస్టంటు గుడిలోనే పొద్దున మన జపమాల, సాయంత్రం వారి కీర్తనలు సాగాయి. మాత గుడిని ఈసారి మెరక మీద తిరిగి కట్టేటప్పుడు ఇటుకలు రెండు వీధులూ మోశాయి. సమాధుల దొడ్డిలో కంచె పీకి పొయ్యిలో పెట్టారు. మాత కలలో కనబడి తువ్వాలు సేవ చేయమన్నదని కొందరు చెబుతారు గానీ ఏసోబు వంశం వారు ఒప్పుకోరు. “మా తాతకు కలలు రావు, గురకే” అంటారు. ఎవరూ మతం మారలేదు. వాదన ఇప్పటికీ అరుగుల మీద నడుస్తూనే ఉంటుంది, కాకపోతే కాఫీ తాగుతూ నడుస్తుంది.

నేటికీ సెప్టెంబరు ఎనిమిదిన, మాత పుట్టినరోజు పండుగకు, స్వరూపాన్ని దోనెలో కొల్లేటి మీద ఊరేగించి తెస్తారు. గట్టున ఏసోబు కొడుకుల సంతతివారు తువ్వాలుతో ఎదురు నిలుస్తారు. మోకరించరు, కొవ్వొత్తి వెలిగించరు. చెంప మీది తడి తుడిచి పక్కకు తప్పుకుంటారు. అంతకు మించి మేమూ అడగము. ఆ తరువాత, మాట్లాడుకోవడం మానేసిన అన్నదమ్ములు, అత్తాకోడళ్లు, తండ్రీబిడ్డలు ఒకరి తల ఒకరు తుడుచుకుంటారు. క్షమించమని నోటితో అనవలసిన పని లేదు. అలా తుడుచుకుని కలిసి ఇంటికి వెళ్లినవారిని మేము ఎందరినో చూశాము.

ఈ పుస్తకం రాసినది పల్లపు వీధి జపమాల సంఘం తరఫున నేను. రాహేలు కొంగులో ఉన్న ఆ పసిబిడ్డ మా అమ్మమ్మ. తొమ్మండుగురిని కని పెంచింది. అందుకే పండుగనాడు నేను మాతకు దండం పెట్టి వెనుదిరిగి, తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఆ ప్రొటెస్టంటు మేనమామలకూ ఒక దండం పెడతాను. స్వరూపానికి పెట్టని వారు, నా దండానికి మాత్రం చేతులు జోడిస్తారు.