బర్రె నీడన ఆరిన విల్లు

తొర్రిమిట్టలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే లింగప్ప తన ఇల్లు చూపించేవాడు. అడక్కపోయినా చూపించేవాడు.

"ఊళ్ళోవాళ్ళు ఒక్కో ఇంటికి ఒక్క తలతో ఆలోచిస్తారప్పా. మా ఇంట్లో నాలుగు తలలు. నాదొకటి, మా తమ్ముళ్ళు ఓబన్న, చెన్నప్పలవి రెండు, మా ఆడమనిషి ఎర్రక్కది ఒకటి. వానొస్తే మీరు తొందరపడి లోపలికి ఉరుకుతారు. మేం నలుగురం కూచోని బాగా ఆలోచించి, తడిసినాకే పోతాం."

అంత తెలివిగల ఇంటికి ఒక గౌరవం కూడా ఉంది. ఏటా జాతరలో రెండు నిలువుల ఎత్తు గుంజకు బూడిద గుమ్మడికాయ కడతారు. లింగప్ప ఇంటివాళ్ళ బాణం అందులో దిగితేనే డప్పు మోగుతుంది, విందు పొయ్యి వెలుగుతుంది. తాత దించాడు, నాయన దించాడు, నిరుడు లింగప్ప దించాడు. ఈ ఏడు చూస్తే నాయన విల్లు బీటలిచ్చింది. పైవీధి బసప్ప కొత్త విల్లు భుజాన వేసుకుని, "నీవల్ల కాకుంటే చెప్పు లింగప్పా, ఇకమీద తొలి బాణం మేమే ఏస్తాం" అని వాకిట్లోకొచ్చి మరీ చెప్పిపోయాడు.

లింగప్పకు అన్నం సయించలేదు. నాయన విల్లు ఒళ్ళో పెట్టుకుని వలవలా ఏడ్చాడు. అన్న ఏడుస్తుంటే ఊరికే కూచుంటే బాగుండదని తమ్ముళ్ళూ ఏడ్చారు. ఎర్రక్క ముందు కూరలో ఉప్పు చూసి, తర్వాత వచ్చి ఏడ్చింది.

తెల్లారి లింగప్ప కొండమీద విల్లులు చేసే ముసలాయన అంకన్న దగ్గరికి పోయాడు. ఆయన విల్లును వంచి చూసి, "కట్టె మంచిదే నాయనా. దీని వీపున ఎద్దు నరాలు అతికిస్తే ఇంకో రెండు తరాలు వంగుతుంది. ఈడ పెట్టిపో, నేను చేసిస్తా" అన్నాడు.

లింగప్ప మనసు చివుక్కుమంది. "ఇంట్లో నాలుగు తలలు పెట్టుకోని ఇంకొకరితో చేయించుకుంటామా తాతా? ఎట్ల చేయాల్నో చెప్పు, చాలు."

అంకన్న ఎండిన నరాల కట్ట ఒకటీ, తోలు ఉడికించి ఆరబెట్టిన బంక పలక ఒకటీ చేతిలో పెట్టి చెప్పాడు. "నరాలు రాతితో దంచు. వెంట్రుకల మాదిరి విడిపోతాయి. చిక్కు లేకుండా దువ్వు. బంక నీళ్ళలో కాచు, మరగనీయొద్దు. వేలు పెడితే ఓర్చుకునేంత వేడి ఉండాల. విల్లుకు నూనె సోకనీయొద్దు, సోకితే బంక పట్టదు. అతికించినాక నలభై దినాలు నీడన ఆరనీ. ఎండ తగిలితే చెడిపోతుంది."

లింగప్ప అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. వాళ్ళింటి గొప్పే అది. చెప్పిందాంట్లో ఒక్క ముక్క మరిచిపోరు. సొంతంగా ఒక్క ముక్క కలుపుకోరు.

ఓబన్న నరాలు దంచాడు. నిజంగానే వెంట్రుకల్లా విడిపోయాయి. ఎర్రక్క కాళ్ళు చాపుకుని దువ్వడం మొదలుపెట్టింది. దువ్వెన చిక్కులో ఇరుక్కుంది.

"నూనె పెడితే గానీ ఈ జుట్టు లొంగదు" అంది.

"నూనె వద్దన్నాడు గదా వదినా తాత" అన్నాడు చెన్నప్ప.

లింగప్ప విసుక్కున్నాడు. "విల్లుకు వద్దన్నాడు. ఇదేమన్నా విల్లా? ఇంకా నరమే గదా. మాట సరిగ్గా వినడం నేర్చుకో."

అంతే. గిద్దెడు ఆముదం పట్టించారు. చిక్కంతా పోయింది. పోయిన చిక్కు మళ్ళీ రాకుండా ఎర్రక్క నున్నగా జడ అల్లింది. జడ బోడిగా ఉండటం ఆమెకు నచ్చదు. కనకాంబరాలు కూడా తురిమింది.

బంక కాచే పని చెన్నప్పది. కుండలో వేలు పెట్టి చూశాడు. ఓర్చుకునేట్టే ఉంది.

"ఎంతసేపు పెట్టాలన్నా?"

"తీయమని చెప్పినాడా తాత?"

"లేదు."

"చెప్పకుండా ఎట్ల తీస్తావురా?"

ఇంకేముంది, చెన్నప్ప వేలు కుండలోనే ఉంది. మిగిలినవాళ్ళు అతని పక్కనుంచే చేతులు ముంచి పని కానిచ్చారు. అప్పుడు పెద్ద చిక్కొచ్చి పడింది. విల్లుకు వీపెక్కడ?

"పట్టుకున్నప్పుడు మన దిక్కు ఉండేది ముఖం, అవతలిది వీపు" అన్నాడు ఓబన్న.

"అంటే వేటకు పోతే పందికి మన విల్లు వీపు చూపిస్తుందా? మా నాయన విల్లు ఏనాడూ ఎవరికీ వీపు చూపలేదు" అని లింగప్ప రోషపడ్డాడు.

నాలుగు తలలూ కూచుని ఆలోచించాయి. ఎవరి మాటా కొట్టేయకుండా జడను పై సగం ఇటు, కింది సగం అటు అతికించారు. ఆముదపు జడ జారిపోతుంటే పాతగుడ్డలతో బిగించి కట్టారు. ఈలోగా పొయ్యి ఆరింది, బంక గట్టిపడింది. చెన్నప్ప లేచి నిలబడ్డాడు. కుండ కూడా లేచింది.

"కుండ పగలగొడితే?" అన్నాడు ఓబన్న.

"బంగారంలాంటి కుండ. ఇంకో ఉపాయం చెప్పు" అంది ఎర్రక్క.

ఇంకో ఉపాయం ఎవరికీ తట్టలేదు. చెన్నప్ప కుండతోనే అన్నం తిన్నాడు, కుండతోనే పడుకున్నాడు. నాలుగో నాటికి అలవాటైపోయింది.

ఇక నీడ. విల్లును గోడ పక్కన పెట్టారు. కాసేపటికి నీడ జరిగింది. విల్లును జరిపారు. నీడ మళ్ళీ జరిగింది. పొద్దున్నుంచి నలుగురూ నీడ వెంట తిరిగి తిరిగి, మధ్యాహ్నానికి నీడ గోడ కిందికి దూరిపోయేసరికి నెత్తిన చేతులు పెట్టుకున్నారు. అప్పుడు ఎర్రక్క చూపు దొడ్లో బర్రె మీద పడింది.

"దాని పొట్ట కింద ఎప్పుడూ నీడే గదా. అది యాడికి పోతే నీడా ఆడికే పోతుంది. విల్లు దానికే కట్టేస్తే మనం తిరగాల్సిన పనేముంది?"

లింగప్పకు పెళ్ళాం మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. విల్లును బర్రె పొట్ట కింద కట్టేశారు. బర్రె నేరుగా మడుగులోకి పోయి మెడదాకా కూచుంది.

లింగప్ప లబోదిబోమంటూ గట్టుదాకా ఉరికాడు. ఓబన్న నిబ్బరంగా అన్నాడు, "ఎండ తగలకూడదనే గదన్నా తాత చెప్పింది. నీళ్ళలో ఎండ యాడిది?"

నిజమే. తడి తగలకూడదని అంకన్న అననే లేదు. నలభై దినాలు బర్రె పొద్దున మడుగులోకి పోయింది, సాయంత్రం ఇంటికొచ్చింది. విల్లూ దాంతోపాటే పోయివచ్చింది. లింగప్ప రోజూ గోడమీద ఒక గీత గీసి, బసప్ప ఇంటి ముందు మీసం తిప్పుకుంటూ నడిచాడు.

జాతర నాడు కట్లు విప్పారు. బంక లేదు. జడ లేదు. కనకాంబరాల దారం మిగిలింది. నానిన కట్టె ఉబ్బి, బీట మాత్రం మూసుకుపోయింది. మూసుకున్న బీటను లింగప్ప చూడలేదు. పోయిన నరాలే చూశాడు. నాయన మొహం కళ్ళముందు కదిలింది.

"నరాలు పోతే పోయె. బంక ఉంది గదా" అని చెన్నప్ప కుండ పైకెత్తి చూపించాడు.

వెంటనే కుండలో నీళ్ళు పోసి వెచ్చజేశారు. నలభై దినాల తర్వాత చెన్నప్ప వేలు బయటికొచ్చింది. ఎర్రక్క దానికి దిష్టి తీసింది. ఈసారి దేనికీ తక్కువ చేయలేదు. విల్లుకు పూశారు. పట్టు జారకూడదని లింగప్ప అరచేతికి పూశారు. బాణం జారకూడదని దానికీ, దాన్ని పట్టే వేళ్ళకూ పూశారు. మిగిలింది వింటినారికి పూశారు. ఊరంతా ఎదురుచూస్తుంటే లింగప్ప జాతరకు నడిచాడు. దారిలో అంతా ఆరింది.

ఊరిపెద్ద ఓబులరెడ్డి కండువా సర్దుకుని, "మీ ఇంటి బాణం కాయలో దిగాల లింగప్పా. దిగకుంటే ఈ గౌరవం బసప్పది" అన్నాడు.

లింగప్ప నారి లాగాడు. వదిలాడు. బాణం పోలేదు. మళ్ళీ వదిలాడు. చేయి విదిలించాడు. విల్లు, నారి, బాణం, లింగప్ప అన్నీ ఒకటే ముద్దగా ఉన్నాయి. జనం గుసగుసలాడారు. బసప్ప తన విల్లు సర్దుకుని ముందుకొచ్చాడు.

లింగప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచే గుమ్మడికాయ కేసి చూశాడు. ఉన్నట్టుండి బుర్ర వెలిగింది. కాయలో దిగాలన్నారు. చేతిలోంచి పోవాలని ఎవరన్నారు?

అంతే. ఒకటే పరుగు. ఓబన్న వంగాడు, లింగప్ప అతని భుజాలెక్కాడు, చేతిలో బాణం చేతిలో ఉండగానే కాయలో కసుక్కున దించాడు.

"ఇది చెల్లదు" అని బసప్ప అరిచాడు.

ఓబులరెడ్డి నవ్వి నవ్వి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "దిగాలన్నా, దిగింది. నా మాట నేను తప్పితే ఎట్ల? డప్పు కొట్టండప్పా."

డప్పు మోగింది. పొయ్యి వెలిగింది. అందరూ భోజనాలకు కూచున్నారు, లింగప్ప తప్ప. ఎడమచేతిలో విల్లు, కుడిచేతిలో బాణం, బాణం కొనకు గుమ్మడికాయ. ఏదీ ఊడిరాదు. ఎర్రక్క ముద్దలు కలిపి నోట్లో పెట్టింది.

జాతరకొచ్చిన అంకన్న ఆ అవతారం చూసి, లింగప్ప చేతి బంకను గోటితో గీకాడు. తర్వాత ఎర్రక్కతో అన్నాడు, "ఏం కాదమ్మా. నీళ్ళలో నానబెట్టు, బంక దానంతటదే వదుల్తుంది. ఎండలో మాత్రం నిలబెట్టొద్దు, బిగుసుకుంటుంది."

నీళ్ళు కావాలి. ఎండ తగలకూడదు. నాలుగు తలలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఈసారి ఆలోచించాల్సిన పనే లేకపోయింది. తమ్ముళ్ళు పరుగున పోయి బర్రెను తోలుకొచ్చారు.

ఊరు భోజనాల ముందునుంచి లేచి వచ్చి చూస్తుండగా బర్రె మడుగు దారి పట్టింది. దాని పొట్ట కింద విల్లు, బాణం, గుమ్మడికాయలతో సహా కట్టేసిన లింగప్ప, ముందుకాళ్ళ మధ్యనుంచి తల బయటపెట్టి, ఎదురొచ్చిన ప్రతివాడికీ తొలి బాణం తనదేనని చెప్పుకుంటూ పోయాడు.

ఎర్రక్క గట్టుమీద నిలబడి కేకేసింది. "తల నీళ్ళపైన పెట్టుకో అయ్యా. నలభై దినాలే గదా, గోడమీద గీతలు నేను గీస్తాలే."