అలుగు పిల్ల గవ్వ, సొరబుర్ర నీళ్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక బడి. ఆ బడిలో పెద్ద తరగతి చదివే అలుగు పిల్ల ఒకటి ఉండేది. దాని పేరు గవ్వ.

అలుగు అంటే ఏమిటని అడగబోతున్నారు కదూ? చెబుతాను, ఆగండి. ఒళ్లంతా పొలుసులు, మూరెడు నాలుక, నోట్లో ఒక్క పన్నూ ఉండదు. చీమలూ చెదలూ దాని తిండి. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. అదీ అలుగు.

గవ్వా వాళ్లమ్మా వాగు ఒడ్డున బొరియలో ఉండేవారు. వాన పడితే చాలు, బొరియలోకి నీళ్లు వచ్చేవి. కిందటి వానాకాలం తడిసి తడిసి వాళ్లమ్మకు దగ్గు పట్టుకుంది. ఎండాకాలం వచ్చినా ఆ దగ్గు వదల్లేదు.

ఒకరోజు బడి పెద్ద ఏనుగమ్మ పిల్లలందరినీ పిలిచింది.

"మీలో ఎవరైనా సొంతంగా ఒక వ్యాపారం పెట్టాలనుకుంటే పున్నమినాడు సభలో చెప్పండి. ఎవరి మాట మాకు నచ్చుతుందో వాళ్లకు గుట్ట మీది పొడి గుహ ఇస్తాం. వ్యాపారం అక్కడే పెట్టుకోవచ్చు, కాపురమూ ఉండొచ్చు."

పొడి గుహ అన్న మాట వినగానే గవ్వ గుండె దడదడలాడింది. వానలకు ఇంకా నెల రోజులే ఉన్నాయి. పోటీకి పేరిచ్చింది. ఇచ్చి ఇంటికి పరుగెత్తింది.

"అమ్మా, నేను చెప్పలేకపోతే?" అంది.

"చెప్పలేకపోతే చుట్టుకుంటావు, అంతేగా. మన జాతే అంత. కాకపోతే మళ్లీ విప్పుకోవాలి, అది మరిచిపోకు" అంది తల్లి దగ్గుతూ.

అయినా గవ్వకు ధైర్యం చాలలేదు. మాటలు నేర్పే చిలకమ్మ దగ్గరికి వెళ్లింది.

"నీ పనేమిటే?" అంది చిలక.

"చెట్లకూ ఇళ్లకూ పట్టిన చెదలు తీస్తాను, చిలకత్తా."

"అలా చప్పగా చెబితే ఎవరు వింటారు? 'సభకు వందనం. నేను ఈ అడవి రూపే మార్చేస్తాను. ఒక్క రోజులో ఒక్క చెద లేకుండా చేస్తాను' అను. గట్టిగా అను."

గవ్వ ఆ మాటల్నే పొద్దునా సాయంత్రమూ వల్లె వేసింది.

పున్నమి వచ్చింది. అడవి అంతా సభకు వచ్చింది. చిల్లు పెట్టిన సొరబుర్రలో నీళ్లు పోసి కొమ్మకు వేలాడదీశారు. నీళ్లన్నీ కారిపోయేలోపు చెప్పడం ముగించాలి. అదీ నియమం.

ముందు నక్క పిల్ల లేచింది. "సభకు వందనం. నేను ఈ అడవి రూపే మార్చేస్తాను. ప్రతి ఇంటి గుమ్మానికీ నీళ్లు మోస్తాను."

గవ్వ ఉలిక్కిపడింది. అవి చిలకమ్మ తనకు నేర్పిన మాటలే.

"ఇప్పటికి ఎందరికి మోశావు నాయనా?" అంది ఏనుగమ్మ.

"గుహ ఇచ్చాక మొదలుపెడతానండి."

తరవాత కోతి పిల్ల లేచింది. "సభకు వందనం. నేను ఈ అడవి రూపే మార్చేస్తాను. పళ్లు దాచి వానాకాలంలో అందరికీ ఇస్తాను."

"ఇప్పటికి ఏం దాచావు?"

"దాచానండి. రుచి చూద్దామని తీశాను. అయిపోయాయి."

సభ గొల్లుమంది. గవ్వకు మాత్రం నవ్వు రాలేదు. అవే మాటలు మూడోసారి తానెలా చెప్పేది? అవి తీసేస్తే తన దగ్గర ఇంకేం మాటలున్నాయి?

"గవ్వా, రా తల్లీ" అంది ఏనుగమ్మ.

సొరబుర్ర మళ్లీ నింపారు. టప్, టప్ అని చుక్కలు పడుతున్నాయి. గవ్వ బండ ఎక్కింది. వందల కళ్లు తనవైపే చూస్తున్నాయి. నోరు తెరిచింది. మాట రాలేదు. మరుక్షణం బంతిలా చుట్టుకుపోయింది.

"బండ మీద పనసకాయ ఎవరు పెట్టారబ్బా?" అంది నక్క పిల్ల.

టప్, టప్. సగం నీళ్లు కారిపోయాయి. లోపల చీకట్లో గవ్వకు తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. అంతలో సభ చివర నుంచి ఒక దగ్గు వినిపించింది. అది అమ్మ దగ్గు.

గవ్వ మెల్లగా విప్పుకుంది.

"నేను చెదలు తీస్తాను" అంది.

"అడవి మొత్తం ఒక్క రోజులో తీసేస్తావని చిలకమ్మ చెప్పింది. నిజమేనా?" అంది ఏనుగమ్మ.

అవునంటే గుహ రావచ్చు. కాదంటే రాకపోవచ్చు. గవ్వ ఒకసారి సొరబుర్ర వైపు చూసింది. అడుగున గుక్కెడు నీళ్లున్నాయి.

"కాదండి. ఒక చెట్టుకే నాకు మూడు రోజులు పడుతుంది."

"ఇప్పటికి ఎన్ని చెట్లు బాగు చేశావు?"

"మూడండి."

"మూడూ బాగయ్యాయా?"

గవ్వ తలెత్తి చూసింది. మూడో చెట్టు యజమాని వడ్రంగిపిట్ట తాత ఎదురుగా కొమ్మ మీదే ఉన్నాడు.

"రెండు బాగయ్యాయి. తాతయ్య చెట్టుకు పది రోజుల్లోనే మళ్లీ చెద పట్టింది. మాను మీదే తీశాను. వేరు దాకా తవ్వలేదు. తప్పు నాదే."

చివరి చుక్క పడింది.

వడ్రంగిపిట్ట తాత గొంతు సవరించుకున్నాడు. గవ్వ కళ్లు మూసుకుంది.

"మళ్లీ పట్టిన మాట నిజమే. నేను చెడామడా తిట్టిన మాటా నిజమే. కానీ మర్నాడు పిలవకుండానే వచ్చింది ఈ పిల్ల. ఒక్క మాట మాట్లాడకుండా వేరు దాకా తవ్వింది. ఇది మూడో నెల. ఒక్క చెద కనిపిస్తే ఒట్టు."

"అయితే ముందు మా ఇంటికి రావే" అంది కొండముచ్చు. "మా తొర్రకు రా" అంది ఉడుత.

నక్క పిల్ల మూతి ముడుచుకుంది. "తప్పు చేశానన్నవాళ్లకా గుహ?"

"తప్పెక్కడ జరిగిందో దీనికి తెలుసు. పైగా దిద్దుకుంది. గుహ గవ్వది" అంది ఏనుగమ్మ.

ఆ మాట వింటూనే గవ్వ మళ్లీ బంతిలా చుట్టుకుపోయింది. ఈసారి ఎంత పిలిచినా విప్పుకోలేదు. చేసేది లేక వాళ్లమ్మ ముక్కుతో నెట్టుకుంటూ, మధ్యమధ్య దగ్గుతూ, నవ్వుతూ, దాన్ని గుట్ట మీది పొడి గుహ దాకా దొర్లించుకుంటూ తీసుకుపోయింది.

నీతి: చేయలేనిది చేస్తానని గొప్పలు చెప్పేవారికన్నా, చేసిన తప్పు ఒప్పుకుని దిద్దుకునేవారినే నలుగురూ నమ్ముతారు.